వేళ్ళకు తెలియాలి

"చెయిన్ ఒక్క పన్ను తప్పినా వాల్వులు వంగిపోతాయి నాన్నా. నాకు భయంగా ఉంది," అంది జనీన్. మోటార్‌సైకిల్ ఇంజన్‌లో వాల్వుల్ని నడిపే క్యామ్ చెయిన్ కొత్తది వేయడం ఆమెకిదే మొదటిసారి.

"బాగానే వేశావులేవే. వాల్వుల సందు నేను చూస్తా," అంటూ ఆర్విల్ సన్నటి కొలత రేకు అందుకున్నాడు. సందులో అది కాస్త బిగుతుగా కదలాలి. ఆ బిగువు వేళ్ళకే తెలియాలి.

"ఆఁ, సరిగ్గా పట్టుకుంటోంది."

జనీన్ వంగి చూసింది. "రేకు అసలు లోపలికే పోలేదు నాన్నా!"

ఆర్విల్ చటుక్కున చెయ్యి దాచుకున్నాడు. "చలికాలం నుంచీ స్పర్శ తెలియట్లేదు. అమ్మకి చెప్పకే."

జనీన్ ఆ చేతిని ముందుకు లాక్కుంది.

"మొన్న మా పాపని వెనకెక్కించుకుని స్టాప్ బోర్డు దగ్గర ఆగకుండా దూసుకుపోయావు. పరధ్యానం అన్నావే..."

"బ్రేకు పట్టుకున్నాననే అనుకున్నానమ్మా."