రెండు ఏడులు

“ఒక్క వరుసల రెండు ఏడులేంది? ఒక అంకె ఒక్కసారే రావాలని నాకు నేర్పింది నువ్వే గదా!” టిఫిన్ సంచిలో దొరికిన సుడోకు కాగితాన్ని భర్త ముందు పెట్టి సుగుణ నవ్వింది.

గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీలో ఫోను గేటు దగ్గరే ఇచ్చేయాలి. అందుకే టీ టైములో సుడోకు నింపడం నర్సింలుకు పదేళ్ల అలవాటు. ఎన్నడూ తప్పు పోలేదు.

“యాడున్నయే రెండు? ఒక్కటే ఉంది.”

ఆమె రెండింటి మీదా వేలు పెట్టి చూపింది. ఆయన కళ్లు చిట్లించి చాలాసేపు చూశాడు. “ఒక్కటే,” అన్నాడు మళ్లీ.

సుగుణ నవ్వు ఆగిపోయింది. “కొత్త బ్లాకుల మందు వాసన ఎక్కువంటివి. తగ్గిందా?”

“ఇప్పుడు వాసనే వస్తలేదు. పదిహేను దినాలల్ల అలవాటైపోయింది.”

“దవాఖానకు పోదాం. ఇయ్యాల డ్యూటీ వద్దు.”

“ఒక్క ఏడుకు దవాఖానా? పరేషాన్ గాకు. నిన్న నలుగురం కూసొని నింపినం. అందరు కరెక్టే అన్నరు.”

“ఎవరా నలుగురు?”

“మా బ్లాకోళ్లే. రియాక్టరు వేడి ఎంతుందో చూసి, ఎక్కువైతే వాల్వు తిప్పేటోళ్లం.”

బయట, ఆ నలుగురినీ డ్యూటీకి తీసుకెళ్లే కంపెనీ బస్సు హారన్ కొట్టింది. ఆయన బూట్లు వేసుకున్నాడు. సుగుణ ఆయన్ని ఆపలేదు. చెప్పుల్లేకుండానే పరుగెత్తి, బస్సుకే అడ్డంగా నిలబడింది.