నల్లమేడ తొమ్మిదో భాగం

తెర మీద దయ్యం మెట్లెక్కుతూ ఆయాసపడింది.

హాలంతా గొల్లుమంది. పృథ్వీరాజ్ కూడా నవ్వాడు.

'నల్లమేడ' మొదటి భాగం వచ్చినప్పుడు అతను హన్మకొండలో మూడో తరగతి. తెల్లచీరతో, ముఖం నిండా జుట్టుతో ఆ దయ్యం గోడల మీంచి దూకుతుంటే అమ్మ కొంగులో తల దూర్చేశాడు. ఇన్నేళ్లకు తొమ్మిదో భాగం, ఉత్తరాదిన తను ఉద్యోగం చేస్తున్న ఇందిరాపురంలో కూడా వేస్తున్నారని తెలిసి, ఆదివారం పొద్దున్నే ఆశగా వచ్చాడు.

అదే మేడ, అదే చీర. దయ్యమే ముసలిదైపోయింది.

"బాబూ, ఎందుకు నవ్వుతున్నారు?" పక్క సీట్లోని పెద్దావిడ అడిగింది. "నాకు చూపు లేదు. కాస్త చెబుతావా?"

చూపు లేని మనిషికి దయ్యాల సినిమా ఎందుకో అతనికి అర్థం కాలేదు.

"దయ్యం మెట్లెక్కలేకపోతుంది ఆంటీ. అందుకే నవ్వుతున్నరు."

"పడిపోయిందా?" ఆవిడ గభాల్న అతని చెయ్యి పట్టుకుంది.

"లేదు. గోడ పట్టుకుంది."

"అమ్మయ్య!"

ఇక ఆవిడ వదల్లేదు. ఇప్పుడెక్కడుంది? ఎటు చూస్తోంది?

"బాగా చిక్కిపోయిందా బాబూ?"

"దయ్యం చిక్కిపోవుడేంది ఆంటీ!"

ముందు వరుసలో ఒకతను వెనక్కి తిరిగాడు. "భయ్యా, ప్లీజ్!"

పృథ్వీరాజ్‌కు చిరాకేసింది. సినిమా ఎలాగూ చప్పగా ఉంది. లేచాడు.

"ఆఖరి సీను వస్తోందేమో. ఆ ఒక్కటీ చెప్పి వెళ్లవూ?"

"ఏముంటది ఆంటీ? దయ్యం చస్తది. అంతే."

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

బయట బెంచీ మీద ఒకమ్మాయి చున్నీ కొస మెలిపెడుతూ కూర్చుని ఉంది. తలుపు చప్పుడుకు లేచి నిలబడింది.

"అయిపోయిందాండీ? లోపల మా అమ్మ ఉంది. కళ్లు కనిపించవు."

"మీ అమ్మగారా? పక్కన కూర్చుని మీరే చెప్పొచ్చు కదా! అందర్నీ డిస్టర్బ్ చేసుడెందుకు?"

ఆ అమ్మాయి తల దించుకుంది.

అతను క్యాబ్ కోసం ఫోన్ చూసుకుంటుండగానే తలుపులు తెరుచుకున్నాయి. జనం మాట్లాడకుండా బయటికొస్తున్నారు. ఒక్కరి ముఖంలోనూ నవ్వు లేదు. ఒకావిడ కళ్లు తుడుచుకుంటోంది.

అందరికంటే వెనక, గోడ తడుముకుంటూ పెద్దావిడ వచ్చింది. కూతురు ఎదురెళ్లి భుజం పట్టుకుంది.

"ఎవరో బాబు ఓపిగ్గా చెప్పాడే ప్రవల్లికా. చల్లగా ఉండాలి. చివర్లో హాలంతా నిశ్శబ్దమైపోయింది. ఏం జరిగిందో మాత్రం తెలియలేదు."

పృథ్వీరాజ్ ఒక అడుగు ముందుకేసి ఆగిపోయాడు. చెబుదామంటే ఆ సీను తను చూడలేదు.

తల్లిని నడిపించుకుంటూ అతని పక్కగా వెళ్తున్న ప్రవల్లిక ఒక్క క్షణం ఆగింది.

"మొదట్నుంచీ ఆ దయ్యం వేషం వేసింది మా నాన్నగారేనండీ, ఆ ఆఖరి సీను తీసిన కొన్నాళ్లకే పోయారు, అందుకే అమ్మ పక్కన కూర్చుని చూడలేకపోయాను."