సగం ఉడికిన బువ్వ

ఆటో ఆగింది.

ఎక్కడ ఆగకూడదో సరిగ్గా అక్కడే ఆగింది. మానుకోట ఇంకా నాలుగు కిలోమీటర్లుందనగా, కల్వర్టు మీద రోడ్డుకు అడ్డంగా మూడు రాళ్ల పొయ్యి, దాని మీద ఇద్దరు మోస్తే గానీ కదలని డేగిస. అటూ ఇటూ నీళ్లు పెట్టిన పొలాలు. సందులోంచి సైకిలు కూడా పోదు.

వెనక సీట్లో సుజాత తల్లి ఒడిలో తల పెట్టి పళ్లు బిగబట్టి ఉంది. కడుపులో బిడ్డ అడ్డం తిరిగిందని డాక్టర్లు నెల కిందటే చెప్పారు.

తల్లి ఓదెమ్మ. బాప్తిస్మం నాడు పాస్టరయ్య మార్త అని పేరు పెట్టాడు గానీ కేసముద్రం వాడకట్టుకు ఆమె ఓదెమ్మే. బిడ్డ కాన్పుకు ఆమె చేసిన ఏర్పాట్లు ఇన్నీ అన్నీ కావు. వరంగల్ పెద్ద దవాఖానలో ఆపరేషన్‌కు తారీఖు తీసుకుంది. రైలు టికెట్లు తీసుకుంది. ఆ రోజు సంఘమంతా ఉపవాస ప్రార్థన చేయాలని మాట కూడా తీసుకుంది.

తానొకటి తలిస్తే దైవమొకటి తలిచింది. సకల జనుల సమ్మె వచ్చి రైళ్లు బందు, బస్సులు బందు. గోరుచుట్టు మీద రోకలిపోటులా తారీఖుకు పది రోజుల ముందే నొప్పులొచ్చాయి. ఊరంతా వెతికితే దొరికింది యాసర్ ఆటో ఒక్కటే.

"ప్రభువా, నేనేం తప్పు జేసిన? ఒక్కొక్క తలుపు మూసుకుంట పోతున్నవు," అని పొద్దుటి నుంచీ గొణుగుతూనే ఉంది. అది ప్రార్థనో కొట్లాటో ఆమెకే తెలియదు.

యాసర్ దిగి బతిమిలాడాడు. టెంటు కిందున్న యువకులు వచ్చి ఆటోలోకి చూశారు. పాపం, వాళ్లకూ జాలేసింది. పొయ్యి దగ్గర గరిటె పట్టుకున్న ముసలమ్మ లచ్చమ్మ మాత్రం ఒప్పుకోలేదు. ఈ బువ్వ నడిమిట్ల దింపేది కాదు, ఉడికేదాకా జర ఓపిక పట్టండి, పావుగంటే కదా అంది.

పావుగంట. సుజాత గోళ్లు తల్లి మణికట్టులో దిగుతున్నాయి.

ఓదెమ్మ కిందికి దూకింది. టెంటులో కుర్చీ మీద ఒక్కడే మనిషి కూర్చున్నాడు. యాభై ఏళ్లుంటాయి. నున్నటి గుండు, భుజం మీద తువ్వాల. ఒకరు నీళ్ల గ్లాసు అందిస్తున్నారు, ఆయన కదిలితే మిగతావాళ్లు లేచి నిలబడుతున్నారు. వెనక ఏదో ఫోటోకు దండ వేసి ఉంది, ఇలాంటి టెంట్లలో ఉండేదే. సమ్మెలో రోజుకో తీరు నిరసన కదా. ఒకనాడు గుండ్లు గీయించుకోవడం, ఒకనాడు రోడ్డు మీద వంటావార్పు. రెండూ చేసిన ఈయనే లీడరని ఓదెమ్మ తేల్చుకుంది.

"ఎవల పెండ్లని వండుతున్రు?" ఆమె గొంతు కల్వర్టు అవతలికి వినబడింది. "మీకు తెలంగాణ కావాలె. నాకూ కావాలె. నా బిడ్డ సచ్చినంక వస్తె నేనేం జేసుకోను? కన్నోళ్లకైతె తెలుస్తది. నీకు పిల్లల్లేరా?"

లచ్చమ్మ ఏదో అనబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు. లేచి వచ్చి ఆటోలోకి చూశాడు.

"పేరేంది?"

"సుజాత."

ఆయన తువ్వాల చేతులకు చుట్టుకుని డేగిస చెవులు పట్టాడు. వద్దు నాయినా, వద్దు అని లచ్చమ్మ మొత్తుకుంటూనే ఉంది. యువకులు పరుగున వచ్చి రెండో వైపు పట్టారు. గంజి పొర్లి ఆయన పాదాల మీద పడింది. అయినా డేగిస విడవలేదు. దాన్ని ఒడ్డున దించి, మండుతున్న కట్టెలు పక్కకు లాగి, రాళ్లు దొర్లించాడు.

"పో చెల్లె. బిడ్డ పైలం."

ఓదెమ్మ ఒక్క దండమైనా పెట్టలేదు. ఈ పనేదో ముందే చేస్తే నీ సొమ్మేం పోయేదని గొణుక్కుంటూ ఆటో ఎక్కింది.

మానుకోట దవాఖానలో డాక్టరమ్మ ధర్నాకు బయల్దేరి మెట్లు దిగుతోంది. సుజాతను చూసి వెనక్కి తిరిగింది. గంటలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం.

అప్పుడు ఏడ్చింది ఓదెమ్మ. తలుపులు మూశావని దేవుడితో పొద్దంతా కొట్లాడినదాన్ని, దారి ఇచ్చిన మనిషిని తిట్టి వచ్చానే అని సిగ్గుతో చచ్చిపోయింది.

వాళ్ల సంఘంలో ఆడవాళ్లు ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు బియ్యం దేవుడి పేర పక్కకు తీస్తారు. నెల తిరిగాక చర్చికి ఇస్తారు. పాస్టరయ్యను అడిగి ఓదెమ్మ ఆ బియ్యం మూట కట్టింది. పాడు చేసిన వంటకు బదులు ఇచ్చి, లీడర్ కాళ్లు మొక్కి వద్దామని నాలుగో రోజు కల్వర్టు దగ్గరికి వచ్చింది.

టెంటు ఉంది. కుర్చీ ఖాళీగా ఉంది. లచ్చమ్మ గిన్నెలు తోముతోంది.

"లీడర్ సారు ఏడి అవ్వా? ఆయన వంటావార్పు ఖరాబు జేసిన. గీ బియ్యం ఇద్దామని వచ్చిన."

లచ్చమ్మ చేతులు కడుక్కుని కొంగుకు తుడుచుకుంది. ఆయనది కాటారం అవతల అడవి పక్క ఊరని, కాలిన కాళ్లతో ఆ సాయంత్రమే దొరికిన బండి పట్టుకుని వెళ్లిపోయాడని చెప్పింది. మళ్లీ ఇటు రాడని కూడా చెప్పింది.

తరువాత ఫోటో వైపు చూసింది. ఓదెమ్మ కూడా ఈసారి చూసింది. దండ వెనక నవ్వుతున్న పిల్లాడికి ఇరవై ఏళ్లు కూడా ఉండవు.

"లీడర్ గాదు బిడ్డా. ఆయన కొడుకు మానుకోటల సదువుకుంటుండె, రాస్తారోకోల లారీ తాకి గీ కల్వర్టు మీదనే పోయిండు. నువ్వొచ్చిన నాటికి పదకొండో రోజు, మేం వండుతున్నది ఆ పిల్లగాని దినాల బువ్వ."