సీట్లు తెరుచుకునే చప్పుడు

కాకినాడ సిటీ బస్సుల్లో ఇప్పుడు సీట్లన్నీ గోడకు ముడుచుకుని ఉంటాయి. మనిషి దగ్గరికి రాగానే ఒళ్లు చూసి, సరిపడా సీట్లు వాటంతటవే తెరుచుకుంటాయి. సత్యవేణికి ఎప్పుడూ రెండు తెరుచుకునేవి. ఆ టపటప చప్పుడుకు బస్సంతా తిరిగి చూసేది. బరువు తగ్గడానికి చేయించుకున్న కడుపు ఆపరేషన్ తర్వాత ఆమె సగానికి సగం తగ్గింది. అయినా వేలాడే జబ్బలను పమిటతో కప్పుకుని, కమ్మీ పట్టుకుని నిలబడే వెళ్తోంది.

"ఇప్పుడొకటే తెరుచుకుంటాది సత్యా, కూర్చో," అని వదిన పోరుతూనే ఉంది. సత్యవేణికి మాత్రం అద్దంలో ఇంకా ఆ పాత మనిషే కనిపిస్తోంది.

ఆ రోజు జగన్నాథపురంలో లావుపాటి కాలేజీ పిల్ల ఒకతె ఎక్కింది. రెండు సీట్లు టపటపమన్నాయి. తలలన్నీ అటు తిరిగాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ పిల్ల కూర్చోకుండా కమ్మీ వైపు చెయ్యి చాచింది.

సత్యవేణికి ఒళ్లు మండింది. పమిట లాగి నడుముకు దోపింది.

"ఏంటండీ అలా చూస్తన్నారు? సీటు తెరుచుకోడం ఎప్పుడూ చూళ్లేదా?" అంది బస్సంతా వినబడేలా. "నువ్వు కూర్చోమ్మా. ఆ రెండూ నీయే."

పిల్ల కూర్చుంది. ఆ పిల్లతో మాటల్లో పడి సత్యవేణీ ఆ పక్కన తెరుచుకున్న చోట కూలబడింది.

బస్సు దిగాక గానీ గుర్తు రాలేదు, తన కింద ఎన్ని తెరుచుకున్నాయో చూసుకోనే లేదని.