తోట కుళాయి

"రేపు పొద్దున్నే నన్ను ఫ్లైట్ ఎక్కిస్తాండారన్నా. ఇఖామా ఖలాస్, ఇంక ఈడ ఉండేకి పర్మిట్ లేదు," అన్నాడు నాగన్న, చాప మీద కూలబడుతూ.

ఉదయ్‌కుమార్ బైబిల్లోంచి తలెత్తలేదు. మిష్రిఫ్‌లో ఒకే అరబ్బుల విల్లాలో అతను డ్రైవరు, నాగన్న తోటమాలి. నిన్న తోట కుళాయి ఎవరో కట్టకుండా వదిలేస్తే నీళ్లు బేస్‌మెంట్‌లోకి దిగి, ఆ ఇంటి ముసలమ్మగారి ఇరానీ తివాచీలన్నీ నానిపోయాయి. తోట కుళాయి కాబట్టి తప్పు తోటమాలిది.

నిన్న తెల్లవారుజామున ఆ కుళాయికి పైపు తగిలించి కారు కడిగింది మాత్రం ఉదయ్. పిల్లల్ని స్కూల్లో దింపే టైమైందని మేడ మీంచి మామా, అంటే ఇంటి యజమానురాలు, "యల్లా! యల్లా!" అని కేకేసింది. పైపు గడ్డిలో పడేసి పరిగెత్తాడు.

"మొన్న సాయంత్రం చెట్లకు పెట్టి కట్టేసినట్టే గ్యాపకం. మరి నీళ్లు ఎట్ల పోయినాయో! అంతా తలరాత," అన్నాడు నాగన్న.

"తలరాత సంగతి ఇవాళ మా ఉదయ్ తేలుస్తాడులే. బిర్యానీ కోసమే వచ్చావని తెలుసు. ముందు వాక్యం విను, తర్వాత తిందువుగాని," అంది బేబి. అబ్బాసియాలోని ఆ ఫ్లాటు ఆవిడదే. ప్రతి శుక్రవారం అక్కడ ప్రార్థన. వాక్యం చెప్పేది ఉదయ్.

అంశం వారం కిందటే అందరికీ చెప్పేశాడు. ఇప్పుడు మార్చలేడు. గొంతు సవరించుకున్నాడు.

"తొలినాళ్లలో కూడా జనం తమ తప్పుల్ని గ్రహాల మీదికి తోసేసేవారండి. అప్పటి సంఘంలోని బోధకులు ఒకటే అడిగారు. అంతా ముందే రాసేసి ఉంటే దొంగని తిట్టడం దేనికి, మంచివాణ్ణి మెచ్చుకోవడం దేనికి? రాయి దొర్లి కాలిమీద పడితే రాయికి శిక్ష వేస్తామా? మనిషికి వేస్తాం. ఎందుకంటే ఎంచుకునే స్వేచ్ఛ దేవుడు మనిషికిచ్చాడు. చేసింది నీ చెయ్యి. ఒప్పుకోవాల్సింది నీ నోరు."

చెబుతుంటే అతని చెవులు కాలిపోతున్నాయి. నాగన్న వైపు మాత్రం చూడలేదు.

ఎవరూ ఆమెన్ అనకముందే నాగన్న లేచి నిలబడ్డాడు.

"మీ దేవుని సంగతులు నాకు తెలీవు. అన్న చెప్పింది మాత్రం సూటిగా తగిలింది. కట్టినా కట్టినా అంటాండా గానీ, ఒట్టేసి చెప్పలేను. నా తోట, నా కుళాయి. నేనే మర్సిపోయింటా. ఇంక తలరాత అని తప్పించుకోను." ఫోను తీశాడు. "పోయేలోపల మామాకు చెప్పేస్తా."

స్పీకర్లో మామా గొంతు పలికింది.

"మామా, కుళాయి ఇడిసిపెట్టింది నేనే. తప్పయింది."

ఉదయ్ ఒక్క అంగలో వెళ్లి ఫోను లాక్కున్నాడు.

"మామా, నాగన్న కాదు! కారు కడిగి కుళాయి వదిలేసింది నేను!"

నాగన్న కళ్లనిండా నీళ్లు.

"నా కోసం నీమీద ఏసుకుంటాండావా అన్నా!" అంటూ ఉదయ్ కాళ్లు చుట్టేసుకున్నాడు.

"స్తోత్రం! చెప్పడమే కాదు, చేసి చూపించాడమ్మా నా తమ్ముడు!" బేబి కొంగుతో కళ్లొత్తుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు.

"కాదక్కా, నిజంగా నేనే..."

"చాలు ఉదయ్." మామా గొంతు మెత్తబడింది. "వాడు ఇప్పుడే కదా ఒప్పుకున్నాడు! నీ మంచితనం నాకు తెలీదా? నీ మొహం చూసి వాణ్ణి వదిలేస్తున్నా. టికెట్ క్యాన్సిల్. కానీ రేపట్నుంచి ఆ కుళాయికి తాళం వేయిస్తా. తాళంచెవి నీ దగ్గరే ఉండాలి, వాడికివ్వకు. ఈ ఇంట్లో నమ్మదగినవాడివి నువ్వొక్కడివే."

కారు తుడిచే గుడ్డ ఆ కుళాయి వెనక ఇంకా పడే ఉంది. వెళ్లి చూడమంటే చాలు.

ఈసారి "యల్లా" అని తొందరపెట్టినవాళ్లెవరూ లేరు.

"సరే మామా," అన్నాడు ఉదయ్.