కప్పుకి కన్నం

"నా ఇంటికే కన్నం వేస్తావా మామా?"

అల్లుడు నిచ్చెన చివరి మెట్టు మీద నిలబడి ఉన్నాడు. చేతిలో సుత్తి. రేకుల మేస్త్రీ తల తిప్పి చూశాడు. కప్పు నడినెత్తిన, రెండు వాలులూ కలిసే వెన్నుకి ఆనుకుని రేకుని గుండ్రంగా కోయడం అప్పుడే పూర్తయింది. మనిషి దూరేంత కన్నం. దాని మీద కూర్చోబెట్టాల్సిన గాలి ఫ్యాను, పెద్ద ఉల్లిపాయలా ఉబ్బిన రెక్కల బుర్ర, పక్కనే పెట్టి ఉంది.

మేస్త్రీ నెమ్మదిగానే చెప్పాడు. దీనికి కరెంటు అక్కర్లేదని, వేడిగాలి పైకి పోతుంటే దానంతటదే తిరుగుతుందని, చుట్టూ రేకు పట్టీ వేసి రబ్బరు వాషర్లతో బిగించేస్తే ఎంత వాన కురిసినా లోపలికి చుక్క దిగదని. లోపల ఊపిరాడటం లేదని అమ్మాయి ఫోన్లో ఏడ్చిందట. అందరి ఇళ్ళకీ కప్పులేసేవాడు, సొంత కూతురు ఉడికిపోతుంటే ఎలా ఊరుకుంటాడు?

"పెళ్ళాన్ని ఉడకబెడుతున్నానని నలుగురికీ చాటడానికొచ్చావన్నమాట," అన్నాడు అల్లుడు. అంటూనే ఫ్యాను మీద సుత్తితో ఒక్కటి వేశాడు. రెక్కలు లోపలికి పోయాయి. రెండో దెబ్బకి అది రేకుల మీద దడదడా దొర్లుకుంటూ వెళ్ళి వాకిట్లో పడింది.

ఆ చప్పుడుకి కూతురు బయటికి పరుగెత్తుకొచ్చింది. నాన్ననేమీ అనొద్దని, తనే రమ్మన్నానని కింద నుంచి బతిమాలింది.

"నీ సంగతి దిగొచ్చాక చూస్తా."

అతనెక్కడో కప్పు మీద ఉన్నాడు. అయినా ఆమె చెయ్యి చటుక్కున లేచి తలకి అడ్డం వచ్చింది. మేస్త్రీ అది చూశాడు. ఇన్నాళ్ళూ కప్పుదే తప్పనుకున్నాడు పిచ్చితండ్రి.

"అమ్మాయిని మా ఇంటికి తీసుకుపోతున్నాను," అన్నాడు లేవబోతూ.

సుత్తి అతని ఎడమ భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అతనికే వినిపించింది. చెయ్యి చచ్చుపడి, కప్పు వెన్నుకి అటు కాళ్ళూ ఇటు తలా వేసి బోర్లా పడ్డాడు. అల్లుడు డొక్కలో తన్నాడు. మళ్ళీ తన్నాడు. పనిచేసుకునేవాడు పనిచేసుకున్నట్టే, ఆవేశం లేకుండా తన్నాడు. మేస్త్రీ నోట్లోంచి నెత్తురు ధారకట్టి కాలిన రేకు మీద చుయ్యిమంది. వదిలెయ్యమని మాత్రం అతను అడగలేదు. దానికే అల్లుడికి మండింది. బండ పగలగొట్టేవాడిలా సుత్తి రెండు చేతులా పైకెత్తి, తలకి గురిచూసి, ఒక్క అడుగు ముందుకేశాడు.

అడుగు కన్నంలో పడింది.

సుత్తి ముందు పోయింది, వెనకే అతనూ పోయాడు. పోతూ పోతూ మామ కుడిచేతిని దొరకబుచ్చుకున్నాడు. మేస్త్రీ వేళ్ళు కూడా వాటంతటవే అతని మణికట్టుకి బిగుసుకున్నాయి. జారేవాణ్ణి పట్టుకోవడం కప్పుల మీద బతికిన చేతికి అలవాటు.

ఒకప్పుడు గోదాము కావడంతో ఆ ఇంట్లో నేల చాలా లోతున ఉంది. కన్నం కిందే అల్లుడి పనిచోటు. అతను ఇనప గేట్లు చేస్తాడు. కొత్త గేటొకటి చక్రాల బండి మీద నిలబెట్టి ఉంది, రంగు ఆరడానికి. దాని నెత్తిన వరసగా ఈటె మొనలు. అవి అతని కాళ్ళకి కొంచెం పక్కగా ఉన్నాయి.

"మామా, వదలకు," అన్నాడు అల్లుడు. ఇందాకటి గొంతు కాదది. ఇంకెప్పుడూ దాని మీద చెయ్యెత్తనని, నీ కాళ్ళు కడుగుతానని, చెప్పినట్టల్లా వింటానని గుక్క తిప్పుకోకుండా చెబుతున్నాడు. కోసిన రేకు అంచు మేస్త్రీ మోచేతిలోకి దిగుతోంది. నెత్తురుకి పట్టు జిడ్డుగా జారుతోంది.

కూతురు లోపలికొచ్చి తలెత్తి చూసింది. మొగుడి చెప్పుల అడుగులు కనిపించాయి. వాటికి పైన, తండ్రి మొహం.

"ఆ గేటు పక్కకి లాగమ్మా," అన్నాడు మేస్త్రీ పంటి బిగువున. "తొందరగా. ఇక నావల్ల కాదు."

ఆమె బండిని రెండు చేతులా పట్టుకుంది. చక్రాలు కిర్రుమన్నాయి. బరువైన గేటు, కదలనని మొరాయించింది. నడుము వంచి బలమంతా పెట్టి తోసింది. కదిలింది. కిందికి చూస్తున్న అల్లుడు ఉన్నట్టుండి మాట్లాడటం మానేశాడు.

మొనలు సరిగ్గా అతని కాళ్ళ కిందికి వచ్చాక, బండి జరక్కుండా చక్రానికి కాలు అడ్డం పెట్టింది.

"ఇప్పుడు వదిలెయ్ నాన్నా," అంది.