చెయిన్ చప్పుడు

"ఇదిగో బావా, తెగింది," అంటూ బావమరిది టైమింగ్ చెయిన్‌ను ట్రేలో పడేశాడు.

మేస్త్రి వంగి చూశాడు. ఇంజన్‌లో పిస్టన్లూ వాల్వులూ ఒకదానికొకటి తగలకుండా వరస తప్పక నడిపించాల్సిన చెయిన్ అది. సాగి సాగి చివరికి తెగింది. తెగిన క్షణంలోనే పిస్టన్లు ఎగిరొచ్చి వాల్వులను గుద్దేశాయి. ఆరు వాల్వులు కొక్కేల్లా వంగిపోయాయి.

చిన్న కారు. మేస్త్రి కూతురిది. పొద్దున పెద్దరోడ్డు మీద ఉన్నట్టుండి ఆగిపోయిందట. వెనకనుంచి వస్తున్న లారీవాడు బ్రేకు మీద నిలబడబట్టి సరిపోయింది. అక్కణ్ణుంచి తాడు కట్టి షెడ్డుకి లాక్కొచ్చారు.

"వెనక సీట్లో రెండు సూట్‌కేసులున్నాయి బావా. గ్రీజు అంటుకుంటుందని లోపల పెట్టించా. ఎక్కడికో బయల్దేరినట్టుంది పిల్ల," అన్నాడు బావమరిది. ఆ మీదట చెయిన్‌ను వేలితో ఎత్తి చూపించాడు. "ఇది ఒక్కరోజులో తెగేది కాదు. నెలల తరబడి మొత్తుకుని మరీ తెగుతుంది. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేస్తే జరజరమని మోగే ఉంటుంది. చెవి మేస్త్రి కూతురై ఉండి ఆ మాత్రం వినిపించుకోలేదా? ఈ కాలం పిల్లలు చెవుల్లో పాటలు పెట్టుకుని నడుపుతారు బావా!"

"ఊఁ," అన్నాడు మేస్త్రి. అన్న మరుక్షణం సిగ్గుతో ఆయన తల వాలిపోయింది.

చెవి మేస్త్రి అన్నది ఆయనకు షెడ్లవాళ్లు పెట్టిన పేరు. బానెట్ ఎత్తకుండానే, కారు గేటు దాటి లోపలికి వస్తుంటేనే రోగం చెప్పేసేవాడు. అదంతా ఒకప్పుడు. మూడేళ్ల కిందట ముందు సన్నటి చప్పుళ్లు పోయాయి. ఆ తర్వాత మాటలు పోవడం మొదలైంది. ఎదుటివాళ్ల పెదాలు చూసి నెట్టుకొస్తున్నాడు. ఇప్పటికీ స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. చూసేవాళ్లు వింటున్నాడనుకుంటారు. ఆయన మాత్రం వేళ్లకు తగిలే అదురును బట్టి అంచనా కడతాడు. ఫోనొస్తే "చేతులకి గ్రీజుంది" అని పక్కవాళ్లకిచ్చేస్తాడు. కూతురు చేసినా అంతే. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. చెవి లేని చెవి మేస్త్రి అంటే జనం నవ్వరూ?

నాలుగు నెలల కిందట కూతురు అత్తారింటి నుంచి ఈ కారులోనే షెడ్డుకొచ్చింది. అలవాటు కొద్దీ ఆయన బానెట్ ఎత్తి, ఇంజన్ స్టార్ట్ చేయించాడు. పక్కన నిలబడి ఆమె ఏదో చెప్పింది. చాలాసేపే చెప్పింది. తల వంచుకుని చెప్పడంతో పెదాలు కనబడలేదు. ఆ గోలలో ఆయన చెవిన పడినవి రెండే ముక్కలు: "రోజూ పొద్దున్నే", "భరించలేకపోతున్నా".

మళ్లీ చెప్పమనడానికి నామోషీ అనిపించింది. ఆ రెండు ముక్కలు చాలనుకున్నాడు.

"మొదట్లో కాస్త గోల చేస్తుందిలేమ్మా. వేడెక్కితే అదే సర్దుకుంటుంది. పట్టించుకోకుండా అలాగే నడిపించు," అని భుజం తట్టాడు.

ఆమె కాసేపు ఆయన మొహంలోకి చూసింది. "సరే నాన్నా," అని కారెక్కి వెళ్లిపోయింది. మళ్లీ ఇవాళ్టిదాకా ఈ వైపు రాలేదు.

ఆఫీసు గదిలోంచి కూతురు బయటికొచ్చింది. బావమరిది అందుకున్నాడు.

"ఏమ్మా, ఇంత చప్పుడు వస్తుంటే మీ నాన్నకొక్క మాట చెప్పొద్దూ? ప్రాణాలు పోయేవి!"

ఆమె నేలకేసి చూస్తూ నిలబడింది. మేస్త్రికి ఇక ఆగబుద్ధి కాలేదు.

"నువ్వెళ్లి వాల్వుల సెట్టు, గాస్కెట్లు పట్రా," అని బావమరిదిని పంపేశాడు. అతని స్కూటర్ మలుపు తిరిగేదాకా ఆగి, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతుల్నే మళ్లీ తుడిచాడు.

"మీ మావయ్య తిట్టాల్సింది నిన్ను కాదమ్మా. నన్ను."

"ఎందుకు నాన్నా?" అంటూ ఆమె తలెత్తింది.

"నాకు చెవులు వినపడవు."

ఆమె తలెత్తింది. "ఎప్పట్నించి?"

"మూడేళ్లయింది."

"అమ్మకి తెలుసా?"

"ఎవరికీ తెలీదు. ఆ రోజు నువ్వు అంత వివరంగా చెప్పావు చూడు... సరిగ్గా వినపడలేదు. విన్నట్టే ఏదో చెప్పేశా. పరువు పోతుందని మళ్లీ అడగలేదు. నా పరువు కోసం నిన్ను లారీ కిందికి తోశాను."

కూతురు పక్కనున్న పాత టైరు మీద కూలబడింది.

"అసలు వినలేదా? ఒక్క మాటైనా?"

"రెండు ముక్కలు తప్ప ఇంకేమీ వినలేదమ్మా."

ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆయనకు తెలియలేదు. కాసేపటికి చేతులు తీసింది.

"సర్దుకుంటుందని నువ్వన్నావని నాలుగు నెలలు ఓపిక పట్టాను నాన్నా. నాన్నే అలా అన్నాక ఇంకెవరికి చెప్పుకోనని ఊరుకున్నాను."

"తప్పు నాదే తల్లీ. ఇంజన్ మొత్తం విప్పి కొత్తదానిలా కట్టిస్తాను. మళ్లీ ఆ చప్పుడు నీకు వినబడితే నన్ను అడుగు."

ఆమె లేచి దగ్గరికొచ్చింది. గ్రీజు అంటిన ఆయన మొహాన్ని రెండు చేతులతో తన వైపుకి తిప్పుకుని, పెదాలు స్పష్టంగా కదిలేలా నెమ్మదిగా చెప్పింది.

"ఆ రోజు నేను చెప్పింది మా ఆయన గురించి నాన్నా."